పొగమంచులో విమానావతరణం

కొన్ని సంవత్సరాల క్రితం జనవరి మాసంలో ఒక సాహిత్య సదస్సు నిమిత్తం హైదరాబాదు నుండి ఢిల్లీకి విమానంలో పోవలసి వచ్చినది. గమ్యం సమీపించిన పిదప విమానం మెల్లగా దిగసాగినది. చక్రాలు బయటికి వచ్చిన చప్పుడు వినిపించినది. కిటికీలో నుండి చూస్తే పాలు ఒలకబోసినట్లు తెల్లదనం తప్ప మరేమీ లేదు. రెక్క కొన సైతం ఆ తెల్లదనంలో కరిగిపోయినది. ఇక నేల తాకుతామని అందరమూ కుర్చీల చేతులు పట్టుకొన్న క్షణంలో ఇంజన్లు ఒక్కసారిగా గర్జించినవి. విమానం ముక్కు పైకెత్తి మరల ఆకాశంలోకి దూసుకొనిపోయినది. నా ప్రక్కన కూర్చున్న వృద్ధురాలు నా చేయి గట్టిగా పట్టుకొని "క్యా హువా బేటా?" అని అడిగినది. ఏమైనదో నాకు మాత్రం ఏమి తెలుసు? "కుఛ్ నై అమ్మా" అని పైకి అన్నాను గాని, నా గుండె నా మాటను నమ్మలేదు.

విమానాన్ని జైపూరుకు మళ్ళించారు. అక్కడ ప్రయాణికుల ఆగ్రహానికి అంతు లేదు. ఇంత దూరం తెచ్చి దింపడం చేతకాని వాడికి విమానం ఎవరిచ్చారని ఒకరు, మిగిలిన విమానాలు దిగుతుంటే మనదే ఎందుకు దిగలేదని మరొకరు. నిజం చెప్పవలెనంటే ఆ గొంతులలో నా గొంతు కూడా కలిసినది. సదస్సులో నా పత్రం ఉదయపు సమావేశంలోనే ఉన్నది మరి. అప్పుడు తలుపు దగ్గర నిలిచి ఉన్న యువకుడు, అనగా సహచోదకుడు, చాలా నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు: "రెండు వందల అడుగుల దాకా వచ్చాము సార్. దీపాలు కనబడలేదు."

రెండు వందల అడుగులే ఎందుకు? నూట యాభై ఎందుకు కాకూడదు? ఇంకొక్క క్షణం ఆగితే కనబడేవేమో కదా? ఆ ప్రశ్న చాలాకాలం నన్ను విడువలేదు. దానికి సమాధానం వెదకే ప్రయత్నమే ఈ వ్యాసం. నేను తెలుగు బోధించేవాడను. భౌతికశాస్త్రం నా వృత్తి కాదు. చిత్తుప్రతిని మన భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులు చదివి రెండు మూడు చోట్ల సరిదిద్దారు. మిగిలిన లోపాలు నావే.

ముందుగా ఒక సందేహం తీర్చుకోవలెను. మేఘంలోనో మంచులోనో చొరబడిన విమానాన్ని చోదకుడు తన ఒంటి తెలివితో నిలబెట్టలేడా? పక్షి ఎగరడం లేదా? లేడు, ముమ్మాటికీ లేడు. మన ఆడపిల్లలు ఆడే ఒప్పులకుప్ప ఆట చూడండి. ఇద్దరు చేతులు పట్టుకొని గిరగిరా తిరిగి ఒక్కసారి ఆగితే, కాళ్ళు నిలిచినా లోకం మాత్రం తిరుగుతూనే ఉంటుంది. లోపలి చెవిలో ద్రవంతో నిండిన మూడు అర్ధవలయ నాళాలున్నవి. తల తిరిగినప్పుడు నాళం తిరుగుతుంది, ద్రవం వెనుకబడుతుంది. ఆ తేడాయే మనకు భ్రమణ జ్ఞానాన్ని ఇస్తుంది. కాని ఒకే వేగంతో కొంతసేపు తిరిగితే ద్రవం కూడా నాళంతో సమానంగా తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు చెవి "నీవు తిన్నగా ఉన్నావు" అని చెబుతుంది. నిజంగా తిన్నబడినప్పుడు అదే చెవి "నీవు అవతలి ప్రక్కకు ఒరుగుతున్నావు" అని చెబుతుంది. నేలమీద ఈ అబద్ధాన్ని కన్ను సరిదిద్దుతుంది. మంచులో కన్ను మూగబోతుంది గనుక అబద్ధానికి అడ్డు ఉండదు.

ఇది ఎంత త్వరగా ప్రాణాంతకమౌతుందో 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూచారు. పరికరాల ఆధారంగా నడపడంలో శిక్షణ లేని ఇరవైమంది చోదకులకు బయటి దృశ్యం కనబడకుండా చేసి విమానం నడపమన్నారు. ఇరవైమందీ అదుపు కోల్పోయారు. అందుకు పట్టిన కాలం సగటున 178 సెకన్లు, అనగా మూడు నిమిషాలైనా కాదు.

కనుక మంచులో దిగవలెనంటే ముందు తన ఒంటిని నమ్మడం మానుకోవలెను. ఆ పనిని ప్రప్రథమంగా సంపూర్ణంగా చేసి చూపినవాడు జేమ్స్ డూలిటిల్ అనే అమెరికా సైనిక వైమానికుడు. 1929 సెప్టెంబరు 24వ తేదీన న్యూయార్కు సమీపంలోని మిచెల్ ఫీల్డ్ నుండి ఒక చిన్న రెండు రెక్కల విమానంలో, తన గదిపై గుడ్డ కప్పు వేయించుకొని, బయటి లోకం ఒక్క రవ్వ కనబడకుండా లేచి, చుట్టు తిరిగి, మరల అక్కడే దిగినాడు. ముందు గదిలో రక్షణ నిమిత్తం లెఫ్టినెంట్ కెల్సీ అనే మరొక చోదకుడు కూర్చున్నాడు. తాను నడపడం లేదని నేలమీది వారికి తెలియడానికై చేతులు పైకి కనబడేటట్లు ఉంచినాడు. ఆ పదిహేను నిమిషాలలో డూలిటిల్‌కు ఆధారమైనవి కొద్దిపాటి పరికరాలే: విమానపు వాలును చూపే స్పెర్రీ వారి కృత్రిమ క్షితిజం, దిక్కును చూపే గైరో, కొద్ది అడుగుల తేడాను సైతం పసిగట్టే కోల్స్‌మన్ ఆల్టిమీటర్. వీటికి తోడు రేడియో తరంగాలు సోకినప్పుడు కంపించే రెండు సన్నని లోహపు రేకులుండేవి. రెండూ సమానంగా కంపిస్తే విమానం సరైన దారిలో ఉన్నట్లు. ఒకటి హెచ్చితే దారి తప్పినట్లు.

ఈ రెండు రేకులను జ్ఞాపకముంచుకోండి. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ సిస్టం, క్లుప్తంగా ఐ.ఎల్.ఎస్., ఆ ఊహకు పెద్ద రూపమే. 1938 జనవరి 26న వాషింగ్టన్ నుండి పిట్స్‌బర్గుకు ప్రయాణికులతో వచ్చిన ఒక బోయింగ్ విమానం మంచు తుఫానులో ఇటువంటి పద్ధతి ఆధారంగా దిగినది. నాటి నుండి నేటి వరకు మూలసూత్రం మారలేదు.

చీకటి రాత్రి చెరువు కట్టమీద నడిచిపోయే మనిషిని ఊహించుకోండి. కట్టకు ఎడమ ప్రక్క ఒకడు డప్పు కొడుతున్నాడు, కుడి ప్రక్క ఒకడు సన్నాయి ఊదుతున్నాడు. రెండూ సమానంగా వినబడితే మన మనిషి కట్ట నడుమ ఉన్నాడు. డప్పు హెచ్చుగా వినబడితే ఎడమకు జరిగినాడు, కాబట్టి కుడికి రావలెను. రన్‌వే ఆవలి కొసను దాటి ఒక ఆంటెన్నాల వరుస ఉంటుంది. దీనిని లోకలైజర్ అంటారు. ఇది 108 నుండి 112 మెగాహెర్ట్జుల మధ్య ఒక తరంగాన్ని ప్రసరిస్తుంది. ఆ తరంగం మీద రెండు స్వరాలు ఎక్కించబడి ఉంటవి. దిగవచ్చే చోదకునికి ఎడమ ప్రక్క 90 హెర్ట్జుల స్వరం బలంగా, కుడి ప్రక్క 150 హెర్ట్జుల స్వరం బలంగా ఉంటుంది. సమానంగా ఉన్నచోట రన్‌వే మధ్యరేఖ ఆకాశంలోకి పొడిగించబడినట్లు ఒక కానరాని గోడ నిలుస్తుంది. విమానంలోని రిసీవర్ ఆ తేడాను కొలిచి ఒక సూదిని ఎడమకో కుడికో జరుపుతుంది.

నిలువు దిశలో కూడా ఇదే ఉపాయం. రన్‌వే మొదలు నుండి సుమారు 300 మీటర్ల లోపలికి, ఒక ప్రక్కగా, గ్లైడ్ స్లోప్ ఆంటెన్నా ఉంటుంది. దాని తరంగం 329 నుండి 335 మెగాహెర్ట్జుల మధ్యది. దారికి పైన 90 హెర్ట్జులు, దిగువన 150 హెర్ట్జులు హెచ్చు. రెండూ సమానమైన తలం సాధారణంగా నేలతో మూడు డిగ్రీల కోణం చేస్తుంది. పందొమ్మిది బారలు ముందుకు పోతే ఒక బార దిగడమన్నమాట. మన పాత కోటల ఏనుగు బాటలు సైతం ఇంతకంటె వాలుగా ఉంటవి. గోడ, వాలు తలం రెండూ ఖండించుకొన్న సన్నని గీతయే విమానం జారవలసిన బాట. ఎడమ కుడులతో పాటు ఎత్తుపల్లాలను కూడా ఇంత నిక్కచ్చిగా చెప్పే పద్ధతి గనుకనే దీనిని ప్రెసిషన్ అప్రోచ్ అన్నారు.

యంత్రం చెప్పే ఈ మాటను మనిషి నోట చెప్పించిన పద్ధతి కూడా ఒకటి ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లూయీ అల్వారెజ్ అనే భౌతికశాస్త్రవేత్త, 1968లో నోబెల్ బహుమతి పొందినవాడు, రాడార్‌తో విమానపు దిక్కునూ ఎత్తునూ నేలమీది నుండియే చూచి రేడియోలో చోదకునికి చెప్పే విధానం రూపొందించినాడు. 1948-49లో బెర్లిన్ నగరానికి దారులు మూయబడినప్పుడు, ఆ శీతకాలపు మంచులో బొగ్గు, పిండి మోసుకొని వచ్చిన విమానాలను దింపడంలో ఇది ఎంతో అక్కరకు వచ్చినది. చివరి దశలో నేలమీది మనిషి ఎడతెగక మాట్లాడుతూనే ఉంటాడు. చోదకుడు బదులు చెప్పనక్కరలేదు, చెప్పరాదు కూడా. విని, చేయడమే అతని పని. నాకు ఈ పద్ధతి మీద ఎందుకో మక్కువ. కాని పౌర విమానయానంలో సూదులు ఆ కంఠాన్ని దాదాపు తొలగించివేసినవి.

బాట ఉన్నంత మాత్రాన నడక రాదు గదా. చోదకుని పని నేల చేరడానికి చాలా ముందే ఆరంభమౌతుంది. ఇద్దరు చోదకులూ ఆ రన్‌వే పటాన్ని ముందుంచుకొని దాని తరంగం సంఖ్య, దిశ, దిగదగిన కనీసపు ఎత్తు, దిగలేకపోతే ఏ వైపు ఎంత ఎత్తుకు పోవలెను అన్నవి పైకి చదువుకొంటారు. ఈ చివరి అంశాన్ని ముందుగానే చదువుకోవడం గమనార్హం. పిదప లోకలైజర్ పంపే మోర్స్ సంకేతాన్ని పోల్చుకొంటారు. సరైన స్టేషనే పలుకుతున్నదా, పలికేది ఆరోగ్యంగా ఉన్నదా అని తేల్చుకోనిదే సూదిని నమ్మరు.

మధ్యరేఖను ముప్పది డిగ్రీలకు మించని కోణంలో చేరుకోవడం పరిపాటి. వాలు తలాన్ని మాత్రం ఎప్పుడూ క్రింది నుండియే అందుకోవలెను. దీనికొక విచిత్రమైన కారణమున్నది. గ్లైడ్ స్లోప్ తరంగాలు నేలమీద ప్రతిఫలించి ఏర్పడడం వలన మూడు డిగ్రీల అసలు బాటకు పైన, నిటారుగా ఉండే దొంగ బాటలు కూడా పుడతవి. పైనుండి దిగివచ్చేవాడు వాటిలో చిక్కవచ్చును. క్రింది నుండి వచ్చేవానికి మొదట ఎదురయ్యేది అసలు బాటయే.

సూది కదలగానే దానివెంట పరుగెత్తడం క్రొత్తవారు చేసే తప్పు. సూది ఎడమకు పోయినదని విమానాన్ని బాగా ఎడమకు త్రిప్పుతారు; అది మధ్యకు వచ్చి ఆగక కుడికి పోతుంది; మరల కుడికి త్రిప్పుతారు. రన్‌వే సమీపించే కొద్దీ ఈ ఊగిసలాట పెరుగుతుంది, ఎందుకంటే బాట గరాటు వంటిది. మూడు వేల మీటర్ల రన్‌వేకు పది నాటికల్ మైళ్ళ దూరంలో సూది ఒక కొస నుండి మధ్యకు రావడమంటే దాదాపు 700 మీటర్లు జరగడం. రన్‌వే మొదట్లో అదే జరుగుబాటు 105 మీటర్లు మాత్రమే. కనుక అనుభవజ్ఞుడు చూపును సూదికి కట్టివేయడు. కృత్రిమ క్షితిజం నుండి వేగానికి, వేగం నుండి ఎత్తుకు, ఎత్తు నుండి సూదులకు, మరల క్షితిజానికి అతని కన్ను తిరుగుతూ ఉంటుంది. గాలి ప్రక్కనుండి నెడుతూ ఉంటే ముక్కును రెండు మూడు డిగ్రీలు గాలివైపు ఉంచి, సూది నిలిచిన దిక్కును గుర్తు పెట్టుకొంటాడు. ఆ పైన చేసే సవరణలన్నీ చిన్నవే. దూరాన్నుండి చూచేవానికి అతడేమీ చేయడం లేదనిపించవలెను.

140 నాట్ల వేగంతో మూడు డిగ్రీల బాట మీద జారే విమానం నిమిషానికి సుమారు 740 అడుగులు దిగుతుంది. వెయ్యి అడుగుల ఎత్తుకు వచ్చేసరికే చక్రాలు, రెక్కల పలకలు దించబడి, వేగం కుదిరి, సూదులు నడుమ నిలిచి ఉండవలెను. అప్పటికి కుదరనిది ఇక కుదరదని భావించి ప్రయత్నం విరమించవలెనని విమాన సంస్థల నియమం. మంచులో ఒక చోదకుడు పరికరాలు చూస్తూ ఉంటే రెండవవాడు ఎత్తులు చదువుతాడు. "వంద మిగిలినది" అంటాడు. తరువాత "మినిమమ్స్" అంటాడు.

ఇక్కడికి వచ్చేసరికి మన ప్రశ్న దగ్గరకు వచ్చాము. ఆ మాట వినబడిన ఎత్తును డెసిషన్ హైట్ అంటారు. నిర్ణయోన్నతి అని తెలుగు చేయవచ్చు గాని, నోరు తిరగని మాట కంటె నిర్ణయపు ఎత్తు మేలు. మొదటి తరగతి ఐ.ఎల్.ఎస్.లో ఇది 200 అడుగులకు తక్కువ ఉండరాదు; రన్‌వే మీద చూపు ఆనే దూరం 550 మీటర్లకు తగ్గరాదు. ఈ దూరాన్ని కంటితో అంచనా కట్టరు; రన్‌వే ప్రక్కన నిలిపిన పరికరాలు కాంతి మంచులో ఎంత హరించుకొనిపోతున్నదో కొలిచి చెబుతవి. రెండవ తరగతిలో ఎత్తు 100 అడుగుల వరకు, దూరం 300 మీటర్ల వరకు తగ్గవచ్చు. మూడవ తరగతిలో నిర్ణయపు ఎత్తు మరీ తగ్గి, ఒక స్థాయిలో అసలే ఉండదు. అక్కడ విమానాన్ని నేలకు చేర్చేది యంత్రమే. లండన్ హీత్రో విమానాశ్రయంలో 1965 జూన్ 10న టికెట్టు కొన్న ప్రయాణికులతో ఒక ట్రైడెంట్ విమానం తనంతట తాను దిగినది. ఢిల్లీలో మూడవ తరగతి ఏర్పాటు ఉన్నది. ఐతే నేలమీది పరికరాలకు ఆ యోగ్యత ఉన్నంత మాత్రాన చాలదు. విమానానికి, దానిని నడిపే ఇద్దరికీ కూడా ఉండవలెను. మిగిలిన విమానాలు దిగుతుంటే మనదే ఎందుకు దిగలేదన్న జైపూరు ప్రశ్నకు ఇది జవాబు. ఆనాడు నాకీ సంగతి తెలియదు.

రెండు వందల అడుగుల వద్ద, 740 అడుగుల చొప్పున దిగే విమానానికి నేల పదహారు సెకన్ల దూరం. రన్‌వే మొదలు ఇంకా సుమారు 860 మీటర్లు ముందున్నది. విమానాన్ని ఆహ్వానించే దీపాల వరుస రన్‌వే ముందు 900 మీటర్ల పొడవున పరచి ఉంటుంది. అనగా ఆ ఎత్తుకు వచ్చేసరికి దీపాల మొదటి వరుస విమానం కాళ్ళ క్రిందికి వచ్చి ఉంటుంది. అక్కడి నుండి అవి కనబడలేదంటే మంచు చెప్పవలసినది చెప్పివేసినదన్నమాట. పైగా చోదకుడు ఇంజన్లకు బలమిచ్చి ముక్కు ఎత్తిన మరుక్షణమే విమానం పైకి పోదు. బరువైన బండి వంటిది. దిగే ఊపుతో కొన్ని పదుల అడుగులు దిగి, ఆ తరువాతనే లేస్తుంది. ఆ జారుబాటుకు, మనిషి తేరుకొనే వ్యవధికి, నేలమీది అడ్డంకులకు చోటు విడిచి ఈ ఎత్తు కట్టబడినది.

ఇంకొక్క క్షణం చూద్దామన్న కోరిక ఆ గదిలో ఉండదని కాదు, తప్పక ఉంటుంది. గమ్యం క్రిందనే ఉన్నది, ఇంధనం ఖర్చవుతున్నది, వెనుక నా వంటివారు గడియారం చూచుకొంటున్నారు. నిర్ణయపు ఎత్తు అన్న పేరు చూచి చోదకుడు అక్కడ ఆలోచించుకొంటాడని మనం అనుకొంటాము. ఆలోచన అంతా ఎండలో, నేలమీద, తొందరలేని మనసుతో ముందే జరిగిపోయినది. అక్కడ మిగిలినది ఒకే ప్రశ్న: కనబడినదా, లేదా?

దీని విలువ 2022 మే 23న పారిస్‌లో తేటతెల్లమైనది. స్టాక్‌హోమ్ నుండి వచ్చిన ఒక ఎయిర్‌బస్ విమానం వానలో చార్లెస్ డిగాల్ విమానాశ్రయంలో దిగవలసి ఉన్నది. ఆ రన్‌వే ఐ.ఎల్.ఎస్. ఆనాడు పనిచేయడం లేదు. కనుక ఉపగ్రహాల ద్వారా దిక్కును, ఆల్టిమీటర్ ద్వారా ఎత్తును గ్రహించే మరొక పద్ధతిలో వచ్చారు. ఆల్టిమీటర్ గాలి ఒత్తిడిని కొలిచే పరికరం. నాటి స్థానిక ఒత్తిడి ఎంతో నేలమీది వారు చెబితే దాని ప్రకారం సరిదిద్దుకోవలెను. 1001 హెక్టోపాస్కల్ అని చెప్పవలసిన చోట కంట్రోలర్ 1011 అని చెప్పినాడు. ఒక్కొక్క హెక్టోపాస్కల్‌కు సుమారు 28 అడుగులు; పదికి 280 అడుగులు. పరికరాలలో అంతా సవ్యంగానే ఉన్నది, సూదులు నడుమనే ఉన్నవి, కాని విమానం బాటకు 280 అడుగులు దిగువన పోతున్నది. చోదకులకు ఈ సంగతి తెలియదు. తాము నిర్ణయపు ఎత్తు దగ్గర ఉన్నామని తలచారు. బయట చూచారు, దీపాలు కనబడలేదు, పైకి లేపారు. ఆ లేచే క్షణంలో విమానం నేలకు ఆరు అడుగుల ఎత్తుకు వచ్చినది. రన్‌వే ఇంకా సుమారు ఒక మైలు దూరంలో ఉన్నది.

అరు అడుగులంటే నా ఎత్తు కంటె కొంచెం ఎక్కువ. అంత పెద్ద పొరపాటు జరుగుతున్నదని వారు కనిపెట్టలేదు. కాని కనబడకపోతే లేవవలెనన్న కట్టుబాటును మాత్రం వారు జవదాటలేదు. ఐ.ఎల్.ఎస్. గొప్పతనం కూడా ఇక్కడ బోధపడుతుంది. దాని వాలు తలం నేలమీది ఆంటెన్నా నుండి లేచినది గనుక ఆల్టిమీటర్ తప్పు చెప్పినా ఆ బాట వంగదు.

బాట ఉండి, చూపు ఉండి, దానిని కాదన్న ఉదంతం మన దేశంలోనే ఉన్నది. 2010 మే 22న దుబాయి నుండి మంగళూరుకు వచ్చిన విమానం తెల్లవారుజామున, మంచు లేని మంచి వాతావరణంలో, ఐ.ఎల్.ఎస్. ఉన్న రన్‌వే మీద దిగవచ్చినది. ఐతే ఉండవలసిన ఎత్తుకు దాదాపు రెట్టింపు ఎత్తులో ఉన్నది. ముక్కు వంచి వేగంగా దింపసాగారు. హెచ్చరిక యంత్రం అరచినది. సహచోదకుడు మరల పైకి పోదామని మూడుసార్లు అన్నాడు. కెప్టెన్ వినలేదు. 8,033 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటిన తర్వాత చక్రాలు నేల తాకినవి. తాకిన పిదప మరల లేవబోయారు, అప్పటికి మించిపోయినది. ఆ రన్‌వే కొండమీద బల్లపరుపుగా కట్టినది, దాని చివర లోయ. 166 మందిలో 158 మంది మరణించారు. మన జిల్లాలలోనూ గల్ఫ్ విమానం కోసం ఎదురుచూచే ఇళ్ళు ఎన్ని ఉన్నవో ఈ కళాశాల విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు.

మన ప్రాంతంలో ఢిల్లీ అంతటి మంచు లేదు గాని, కృష్ణా తీరంలో గన్నవరం మీద డిసెంబరు, జనవరి ఉదయాలలో విమానాలు చుట్లు తిరగడం, హైదరాబాదుకు మళ్ళడం పత్రికలలో చూస్తూనే ఉంటాము. ప్రతి చిన్న విమానాశ్రయానికి ఖరీదైన ఆంటెన్నాలు నిలపడం కష్టం. అందుకే భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ, అంతరిక్ష పరిశోధన సంస్థ కలిసి గగన్ అనే వ్యవస్థను నిర్మించినవి. ఉపగ్రహాల సంకేతాలలోని దోషాలను నేలమీది కేంద్రాలు కనిపెట్టి, సవరణలను మరొక ఉపగ్రహం ద్వారా విమానానికి పంపుతవి. దానితో ఆకాశంలో ఐ.ఎల్.ఎస్. వంటి వాలుబాట లెక్కలోనే ఏర్పడుతుంది. దాని ఎత్తుకు గాలి ఒత్తిడితో పని లేదు. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో ఒక ఏ.టి.ఆర్. విమానం ఈ పద్ధతిలో దిగినది. ఐతే ఆ బాట చివరనూ ఒక నిర్ణయపు ఎత్తు ఉన్నది.

ఆనాడు జైపూరులో నాలుగు గంటలు కూర్చున్నాము. మధ్యాహ్నానికి ఢిల్లీలో మంచు విడిచినదని కబురు వచ్చినది. అదే విమానం, అదే చోదకులు. ఈసారి దీపాల వరుస చాలా ముందుగానే కనబడినది. పలుచని ఎండలో వాటి వెలుగు వెలవెలబోయి ఉన్నది. వృద్ధురాలు నిద్రపోతున్నది, చక్రాలు తాకినప్పుడు లేచి "ఆగయే?" అన్నది. ఉదయం ఎనిమిది గంటల నుండి ఆమె కుమారుడు బయట నిలిచి ఉన్నాడట. నా పత్రం సంగతి సరే, సమావేశం ముగిసిపోయినది. దిగేటప్పుడు తలుపు దగ్గర ఆ యువకుడు మరల కనిపించినాడు. ఉదయం అన్న మాటలకు క్షమాపణ చెప్పవలెననుకొన్నాను గాని వెనుక జనం తోస్తున్నారు. "షుక్రియా" అని మాత్రం అనగలిగాను. అతడు నవ్వి, "రేపు కూడా ఇంతే ఉంటుందట సార్" అన్నాడు.